చంటిదానికి నిద్ర అలవాటు చేయబోతున్న మనవరాలికి

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అయిన మనవరాలికి అమ్మమ్మ దీవించి వ్రాయునది.

పాపను ఇకమీదట భుజాన వేసుకుని తిప్పకుండా, తనంతట తానే నిద్రపోయేలా అలవాటు చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆరో నెల నిండిన పిల్లకు అప్పుడే ఈ కట్టుబాట్లేమిటని ముందు కంగారుపడ్డాను. కానీ 26 వారాల ప్రసూతి సెలవు అయిపోవస్తోంది, కూకట్‌పల్లి ఫ్లాటులో మీరిద్దరే ఉంటారు, రాత్రంతా మేలుకుని పొద్దున్నే ఆఫీసుకు ఎలా వెళతావు? ముందుగానే ఆలోచించుకున్నందుకు గర్వంగానే ఉంది.

రోజూ ఒకే వేళకు స్నానం, పాలు, దీపాలు తగ్గించడం, ఒక జోలపాట, పడక. పగటి కునుకులతో కలిపి ఈ వయసు పిల్లలకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ అమ్మ పసితనంలో మా ఇంట్లో జరిగిన పొరపాటు మాత్రం వివరంగా చెప్పాలి. ఆ ఇంట్లో మా అత్తగారి మాటకు తిరుగులేదు. దూలానికి పాత నేతచీరతో ఉయ్యాల కట్టించి, బిడ్డకు గాఢంగా నిద్ర పట్టేదాకా ఊపుతూనే ఉండాలన్నారు. పసిపిల్లల నిద్ర గంటకొకసారి, ఒక్కోసారి అంతకు ముందే, పలచబడుతుంది. కళ్లు మూసేటప్పుడు ఉన్న ఊపు తెరిచేసరికి లేకపోతే, అది మళ్లీ వచ్చేదాకా ఏడుస్తారు. ఆ సంగతి ఎవరికీ తెలియక రాత్రిళ్లు వంతులు వేసుకున్నాం. మీ తాతగారు ఉయ్యాల తాడును కాలి బొటనవేలికి కట్టుకుని, పడకకుర్చీలో వాలి, నిద్రలోనే కాలు ఆడించేవారు. కాలు ఆగిన మరుక్షణం ఉయ్యాలలోంచి రాగం మొదలయ్యేది; ఆయన ఉలిక్కిపడి, కళ్లయినా తెరవకుండానే, “ఊపుతున్నానే అమ్మా, ఊపుతున్నాను” అని వాళ్లమ్మకు సంజాయిషీ చెప్పుకునేవారు. తాడు ఒరుసుకుని ఆ వేలు కమిలిపోయింది. మీ అమ్మ నడక నేర్చి, చీరలోంచి కాళ్లు బయటికి వేలాడుతున్నా ఉయ్యాల మానలేదు. ఆ రోజుల్లో ఆయన బడిలో పాఠం చెబుతూ కునుకు తీశారని ఊళ్లో చెప్పుకున్నారు కూడా.

అందుకని పాలు తాగుతూ తాగుతూ నిద్రపోనివ్వకు. పాలకూ పడకకూ మధ్య కాస్త ఎడం ఉంచు. కళ్లు బరువెక్కాక, పూర్తిగా మూతపడకముందే పక్క మీద వేయి. ఏడిస్తే పక్కనే కూర్చుని మెల్లగా జోకొట్టు, రోజులు గడిచేకొద్దీ చేయి తీసేసి కుర్చీని వెనక్కి జరుపుకో. కొన్ని నిమిషాలు ఏడవనిచ్చి చూడమని చెప్పే డాక్టర్లున్నారు, దానివల్ల కీడేమీ లేదంటారు; కావచ్చు, నాకు మాత్రం మింగుడుపడదు. ఆకలితో లేస్తే పాలివ్వు. జ్వరం వస్తే ఈ పాఠాలన్నీ కట్టిపెట్టు.

నా భయం వేరే ఉంది. తల గుండ్రంగా రావాలని మీ అత్తగారు ఆవాల దిండు కుట్టించి పంపారట. కళ్లకద్దుకుని బీరువాలో పెట్టు, ఆవిడ ఏమీ అనుకోరు. ఏడాది నిండేదాకా పాప పక్కలో దిండు, బొంత, దూదిబొమ్మ ఏదీ ఉండకూడదు. ముఖానికి అడ్డం పడితే తీసుకునే శక్తి దానికి ఉండదు. మీ గదిలోనే, విడిగా, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టు. ఏడుస్తున్న పిల్ల ఊపిరి తీస్తోందని తెలుస్తుంది, చప్పుడు చేయని పిల్ల దగ్గరికే నేను లేచి వెళ్లేదాన్ని. ఇంకొకటి: జలుబు మందు చుక్క వేస్తే హాయిగా పడుకుంటుందని ఎవరైనా చెబితే వాళ్లను ఆ మాటతోనే గుమ్మం దాటించు. నువ్వు వేస్తావని కాదు తల్లీ, నిద్రలేనివాళ్లు ఎవరి మాటయినా వింటారు.

వచ్చే వారం మీ అమ్మ వస్తానంటోంది. అది ఉండగా మొదలుపెట్టకు. మొదటి ఏడుపుకే ఎత్తేసుకుంటుంది. నేనూ అంతే, కాబట్టి పాపకు అలవాటు కుదిరాక కబురు పెట్టు, అప్పుడు వస్తాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ