ఈఎమ్ఐ 14,480 కాదు, నెలకు 27 వేలు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, జీతం చేతికి 82 వేలు వస్తుంది. అద్దె 16 వేలు, అమ్మానాన్నలకు 12 వేలు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పొదుపు) 10 వేలు, నా ఖర్చులు 25 వేలు (ఇందులో 5 వేలు క్యాబ్‌లకు, బైక్ పెట్రోలుకే). బ్యాంకులో 4 లక్షలు ఉన్నాయి. కార్లంటే పిచ్చి. కొత్త హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, కొత్త మారుతి ఫ్రాంక్స్ టర్బో, సెకండ్ హ్యాండ్‌లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ చూస్తున్నాను. షోరూంలో ఏడేళ్ల లోన్ ఇస్తామంటున్నారు. సిప్ ఆపేసి కొత్త బండి తీసుకోవచ్చా?

జవాబు: బండి తప్పకుండా కొనుక్కోండి. సిప్ మాత్రం ఆపకండి. ఈ రెండూ కుదరాలంటే ఒక ఏడాది ఆగాలి.

ముందు మీ ఇష్టం సంగతి చూద్దాం. ఎన్ లైన్‌లో 1 లీటరు టర్బో ఇంజిన్ 120 పీఎస్ పవర్, 172 ఎన్ఎం టార్క్ (బండిని లాగే బలం) ఇస్తుంది. రేసర్‌ది 1.2 లీటర్ల టర్బో, 120 పీఎస్, 170 ఎన్ఎం. కాగితం మీద రెండూ కవలలే. కానీ ఎన్ లైన్‌లో ఆ టార్క్ మొత్తం 1,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది, రేసర్‌లో 1,750 దగ్గర. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గేరు మార్చకుండా ముందుకు లాగేది ఆ తేడానే. ఫ్రాంక్స్ 100 పీఎస్, 148 ఎన్ఎం. అంకెలు తక్కువే అయినా బరువు వెయ్యి కిలోల పైచిలుకే కాబట్టి మందకొడిగా ఉండదు. స్టీరింగ్, సస్పెన్షన్ మాత్రం కుటుంబం కోసం చేసినవి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వేగ పరిమితి 120. దానికి మూడూ సరిపోతాయి. డ్రైవింగ్ ఆనందమే కావాలంటే నా ఓటు ఎన్ లైన్ మాన్యువల్‌కే.

ఇక డబ్బు. ఎక్స్‌షోరూం తొమ్మిదిన్నర లక్షల బండి అనుకుందాం. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే ఆన్‌రోడ్ 11.3 లక్షల దాకా వెళ్తుంది. 2.3 లక్షలు మీరు కట్టి, 9 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎమ్ఐ 14,480. షోరూంలో మీకు చూపించేది ఈ అంకె ఒక్కటే. మొత్తం వడ్డీ 3.16 లక్షలు. అదే ఐదేళ్లయితే 2.21 లక్షలు.

టర్బో బండిని సిటీలో కాస్త గట్టిగా తొక్కితే లీటరుకు 12 కిలోమీటర్లే అనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలే 8,900. సర్వీసు, టైర్లు, ఏటా ఇన్సూరెన్స్ కోసం నెలకు 4 వేలు పక్కన పెట్టాలి. మొత్తం 27 వేలు దాటింది. మీ దగ్గర మిగిలేది 19 వేలు, క్యాబ్ ఖర్చు తగ్గితే 24 వేలు. ఆ తేడా కోసమే సిప్ మీద కన్నేశారు. ఏడేళ్లు సిప్ లేకుండా గడిపితే 35 ఏళ్లు వచ్చేసరికి మీ దగ్గర మిగిలేది పాత కారు ఒక్కటే.

ఇంకో మాట. ఎవరైనా 'ఫ్లాట్ 5 శాతమే' అంటే మురిసిపోకండి. ఫ్లాట్ అంటే అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేయడం. ఐదేళ్ల లోన్‌లో ఫ్లాట్ 5 శాతం అంటే అసలు తగ్గేకొద్దీ లెక్కగట్టే పద్ధతిలో 9 శాతం పైమాటే.

నేనైతే ఇలా చేయమంటాను. 4 లక్షల్లో 2 లక్షలు ఎమర్జెన్సీకి, వాటి జోలికి వెళ్లొద్దు. నెలనెలా మిగిలే 19 వేలల్లో 18 వేలు ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 2.16 లక్షలు అవుతాయి, బ్యాంకులో ఉన్న మిగతా 2 లక్షలు కలిపితే 4.16 లక్షలు. అప్పుడు రెండు మూడేళ్లు నడిచిన, ఒక్క ఓనర్ చేతిలోనే ఉన్న ఎన్ లైన్ వెతకండి. సెకండ్ హ్యాండ్ లోన్‌కి వడ్డీ ఎక్కువ, 12 శాతం అనుకున్నా 5 లక్షలకు ఐదేళ్ల ఈఎమ్ఐ సుమారు 11,100. పెట్రోలు, నిర్వహణ కలిపి 24 వేలకు సరిపోతుంది. సిప్ అలాగే సాగుతుంది. మధ్యలో జీతం పెరిగితే అది బోనస్.

తయారీ తేదీ జాగ్రత్తగా చూడండి. క్లచ్ పెడల్ ఉన్న ఆరు గేర్ల మాన్యువల్ ఎన్ లైన్‌కి 2023 సెప్టెంబరులో వచ్చింది. అంతకు ముందువాటిలో క్లచ్ పెడల్ లేని ఐఎంటీ ఉండేది, మీకది నచ్చకపోవచ్చు. డీసీటీ (రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్ సరదాగా ఉంటుంది కానీ వారంటీ అయిపోయాక క్లచ్ పోతే బిల్లు గట్టిగానే పడుతుంది. రేసర్ మంచి ధరకు దొరికితే వదలొద్దు. 1,199 సీసీ కాబట్టి దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివారికి జరిగే నష్టానికి) ప్రీమియం ఏడాదికి 3,416, 998 సీసీ ఎన్ లైన్‌కి 2,094. పెద్ద తేడా కాదు.

ఇలాంటి బండ్లు కుర్రాళ్లు ఇష్టపడి కొంటారు కాబట్టి ఇంజిన్ రీమ్యాప్ (పవర్ పెంచడానికి సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించారేమో అడగండి. చేయించి ఉంటే వద్దు, వారంటీకి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి తంటా. కంపెనీ సర్వీస్ రికార్డు చూడండి. పాత లోన్ తీరి ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) తీసేశారో లేదో చూడండి. బెంగళూరులోనో ఢిల్లీలోనో చవగ్గా ఉందని తెచ్చుకుంటే ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలిపాకే ధర పోల్చండి.