కళ్లజోడు సరే, ఫీజుకు ముందు మెడికల్ కానివ్వండి

తమ్ముడికి కళ్లజోడు ఉంది, పైలట్ శిక్షణకు ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకోవచ్చా అని అడిగారు కదండీ. కళ్లజోడుకు టెన్షన్ వద్దు, అద్దాలతో చూపు సరిగ్గా వస్తే ఒప్పుకుంటారు. అసలు చిక్కు రంగుల దగ్గర. రంగు చుక్కల మధ్య దాగిన అంకె చదవమంటారు, అక్కడ తడబడితే కష్టం. అందుకే రూపాయి కట్టకముందే డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 అనే తొలి వైద్య పరీక్ష, ఆ వెంటనే పైలట్ ఉద్యోగానికి కావాల్సిన క్లాస్ 1 మెడికల్ చేయించండి. మీరుండేది బెంగళూరే కాబట్టి క్లాస్ 1 చేసే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ మీకు దగ్గరే, పాత ఎయిర్‌పోర్టు రోడ్డు వైపు ఉంటుంది.

ఇక డబ్బు. 200 గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకున్నా సరాసరి ఎయిర్‌బస్ ఎక్కించరు. ఎ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ప్రత్యేక శిక్షణ) వేరే చెయ్యాలి, ఆ ఖర్చు చాలాసార్లు మనదే. కోర్సు ఫీజులో అది కలిసిందో లేదో రాతపూర్వకంగా అడగండి (నోటిమాట నమ్మకండి!). ఉద్యోగం వచ్చేదాకా కట్టాల్సిన ఈఎంఐలూ లెక్కేసుకున్నాకే బ్యాంకుకు వెళ్లండి.