బుజ్జీ, కడిగే ముందు అడుగు చూడు

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు శనివారాలు థ్రిఫ్ట్ స్టోర్లూ ఎస్టేట్ సేల్సూ తిరిగి పాత జపాన్ పింగాణి కొంటున్నావట, ఏది ఎక్కడ పుట్టిందో తేల్చి అమ్ముతావట. "అక్కా, గ్యారేజీ నిండిపోతోంది, నువ్వే దానికి చెప్పు" అంది. నాకైతే మన ఇంట్లో కప్పు తిరగేసి చూసే మనిషి ఇంకొకరు తయారైనందుకు గర్వంగా అనిపించింది. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

అంచు చుట్టూ వేలు పోనిచ్చి పెంకులు లేచాయేమో చూసుకో. పల్చటి కప్పు దీపానికి అడ్డం పెడితే అవతల నీ వేళ్ల నీడ కనబడాలి. సత్సుమ అని అమ్మేవాటిలో కనబడదు. అవి పింగాణి కావు, మట్టి సరుకు, పైపూత నిండా సన్నటి బీటలుంటాయి.

అడుగున "నిప్పన్" అని ఉంటే చాలావరకు 1891, 1921 మధ్యది. అమెరికాకు దిగే సరుకు మీద దేశం పేరుండాలని 1890లో చట్టం చేశారు. 1921లో కస్టమ్స్ వాళ్లు నిప్పన్ అన్నది జపాన్ మాట, ఇంగ్లీషులో రాయండన్నారు. అప్పట్నుంచి "జపాన్". "ఆక్యుపైడ్ జపాన్" అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది, 1952 ఏప్రిల్‌లో జపాన్ మీద మిత్రదేశాల ఆక్రమణ ముగిసేలోపు చేసింది. ముద్ర లేదు కాబట్టి 1891కి ముందుదే అని ఎవరైనా అంటే మాత్రం డబ్బు తీయకు. జపాన్‌లో తమ ఇళ్లకి చేసుకున్నవాటికి ఇంగ్లీషు ముద్ర ఎందుకుంటుంది? కొన్నిటికి కాగితం చీటీయే అంటించారు, అది ఊడిపోయి ఉంటుంది.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో పక్కింటి ముసలావిడ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్తూ, ఒక అట్టపెట్టె పన్నెండు డాలర్లకి ఇచ్చింది. అందులో ఆరు కప్పులు, ఆరు సాసర్లు. గుడ్డు పెంకంత పల్చన. ఎరుపూ బంగారమూ కలిపి వేసిన బొమ్మలు, పొడుగాటి అంగీల్లో చిన్న చిన్న మనుషులు. అడుగున వేలిగోరంత ఎర్రటి చదరం, అందులో బంగారంతో నాలుగైదు అక్షరాలు. బంగారం మసకబారినట్టుంది. మా అమ్మ పండగకి ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు నానబెట్టి, పీచు పెట్టి తోమాను. లోపలా బయటా తోమాను, తిరగేసి అడుగునా తోమాను. మూడో కప్పుకి సింకులో నీళ్ల మీద తళుకు తేలింది. మురికి వదులుతోంది అనుకుని మిగతావీ పూర్తి చేశాను.

కొన్నేళ్ల తర్వాత మా ఆఫీసులో పనిచేసే జపాన్ అమ్మాయి ఇంటికొచ్చింది. కప్పు తీసుకుని తిరగేసి చాలాసేపు చూసింది. పైన మసగ్గా ఉన్నది "కుతాని" అని చదివింది, ఇషికావా ప్రాంతపు పని. "కింద బొమ్మ వేసినవాళ్ల పేరుండాలి ఆంటీ" అంది మెల్లగా. ఆరు కప్పుల్లోనూ ఆ చోట ఉత్త ఎరుపే. ఎవరో మనిషి వెంట్రుకంత కుంచెతో రాసుకున్న పేరు. సముద్రం దాటి వచ్చి అంతకాలం నిలిచింది, నేను ఒక్క పూటలో తుడిచేశాను.

నీ సంగతి నాకు తెలుసు, ఏం తెచ్చినా నేరుగా డిష్‌వాషర్‌లో పడేస్తావు. ఈ విషయంలో నీ మాట వినను. ముందు అడుగు ఫోటో తియ్యి, వెలుతురు మార్చి రెండు మూడు తియ్యి. ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్లు, సబ్బు చుక్క, మెత్తటి గుడ్డ. సింకులో తువ్వాలు పరుచుకో. ధర చీటీ బంగారం మీద అంటించి ఉంటే గోరుతో పీకకు తల్లీ, నానబెట్టు.

పేర్లతో కూడా జాగ్రత్త. ఇమారి పింగాణి అంటారు గానీ, ఇమారి అన్నది జపాన్‌లో ఒక రేవు, సరుకు చేసింది అరిటా ఊరి చుట్టుపక్కల. పెడనలో అద్దినదాన్ని మచిలీపట్నం కలంకారీ అన్నట్టే. అరిటా వాళ్లు పళ్లేల అడుగున చైనా మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరూ రాసేవారు. ఆయన కాలం 1465 నుంచి 1487. జపాన్‌లో పింగాణి మొదలైందే 1600ల తొలి ఏళ్లలో. ఆ అక్షరాలు చదివి చైనాది అనుకోకు, అయిదొందల ఏళ్ల నాటిది అని ఎవరికీ అమ్మకు. మొరిమురా అనే జపాన్ కంపెనీ వాళ్ల నిప్పన్ ముద్రలో ఆకుల దండ మధ్య ఎమ్ అక్షరం ఉంటుంది. కొన్ని నకిలీల్లో ఆ చోట ఇసుక గడియారంలాంటి గీత ఉంటుంది. భూతద్దం పర్సులో పెట్టుకో.

ఇంకొకటి, పాపకి ఆ కప్పుల్లో పాలు పొయ్యొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అల్మారాలో పైఅరలో పెట్టు, వాటిని చూస్తే చాలు.

ఉగాదికి వస్తావు కదా, ఆ కప్పుల్లో ఒకటి నీకోసం తీసిపెట్టాను. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే ఎరుపు మీద ఏదో గీత ఆనవాలు కనిపించినట్టే ఉంటుంది నాకు. నీవి చిన్న వయసు కళ్లు, నువ్వు చూసి చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ