‘అన్‌హ్యాపీ’ సరే, ‘ఇంపాసిబుల్’కు ‘ఇం’ ఎందుకు?

బెంగళూరులో పదో తరగతి చదివే మా మేనకోడలూ ఇదే అడిగింది. ‘కాదు’ అనే అర్థమిచ్చే ఈ ముందుచేర్పుల్లో ‘అన్’ ఇంగ్లీషు సొంతం. ‘ఇన్’ లాటిన్‌ది, చాలావరకు ఫ్రెంచి మీదుగా వచ్చింది. ప, బ, మల ముందు దాని నకారం మకారమవుతుంది. ‘ఇన్‌పాసిబుల్’ అని గబగబా పలికి చూడండి, పెదవులు ముందే మూసుకుంటాయి. ‘ఇల్లీగల్’, ‘ఇర్రెగ్యులర్’ కూడా ఇంతే. మన సంధి లాంటిదే.

తమాషా ఏమిటంటే ఇంగ్లీషు ‘అన్’, లాటిన్ ‘ఇన్’, ‘అనర్హుడు’లోని సంస్కృత ‘అన్’ ఒకే మూలం నుంచి చీలిన దాయాదులు. మెజెస్టిక్ మెట్రోలో కనిపించే ‘ఇంటర్‌చేంజ్’లోని ‘ఇంటర్’ కూడా మన ‘అంతర్’కు చుట్టమే.

ట్యాంకరు వెనక రాసే ‘ఇన్‌ఫ్లేమబుల్’తో మాత్రం జాగ్రత్త. అక్కడి ‘ఇన్’ వేరు, ‘లోనికి’ అని అర్థం. ఆ సరుకు భగ్గున మండుతుంది!