బూట్ల మాట ఎందుకొచ్చిందో మీకు నిజంగా తెలియదా?

ప్రశ్న: నా వయసు 73. రైల్వేలో డ్రైవరుగా చేసి 2012లో రిటైరయ్యాను. కంచరపాలెంలో సొంత ఇల్లు. నా భార్య ప్రభువు సన్నిధికి వెళ్ళి నాలుగేళ్ళయింది. ఒక్కడే కొడుకు. మధురవాడలో ఉంటాడు. నెల నెలా వచ్చి మందులు ఇస్తాడు, కరెంటు బిల్లు కడతాడు, కూర్చోమంటే కూర్చోడు. మాది నాలుగు తరాల చర్చి కుటుంబం. మనవడికి పదమూడేళ్ళు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ పిచ్చి నా నుంచి వచ్చిందే. ఒకప్పుడు రైల్వే గ్రౌండులో లెఫ్ట్ అవుట్ ఆడినవాణ్ణి. కానీ ఇప్పుడు వాడి మ్యాచ్‌లన్నీ ఆదివారం పొద్దున పెడుతున్నారు. సండే స్కూలు మానేసి ఆరు నెలలైంది. కోడలు కూడా వాడికే వంత. మా అబ్బాయిని కూర్చోబెట్టి పరిశుద్ధ దినం గురించి చెప్పాను, ఆదివారం పరుగెత్తనన్న ఒలింపిక్ రన్నర్ ఎరిక్ లిడెల్ గురించి చెప్పాను. అంతా విని, ‘వాడి బూట్ల జోలికి మాత్రం వెళ్ళకు నాన్నా’ అని లేచిపోయాడు. నేను దేవుడి గురించి మాట్లాడుతుంటే వాడు బూట్ల గురించి మాట్లాడతాడేమిటి? అప్పటి నుంచి వాళ్ళింట్లో అన్నం తినలేదు. ఆదివారం ఆట తప్పా కాదా? పాస్టరు గారి చేత చెప్పించమంటారా? మనవడి కోసం నా జీవితం, విశ్వాసం, ప్రయాణాలు, ఫుట్‌బాల్ గురించి ఒక నోటుపుస్తకం రాస్తున్నాను. కొన్ని పేజీలు జెరాక్స్ తీసి పంపుతున్నాను.
– ఓ తాతయ్య, కంచరపాలెం
(ఉత్తరం పెద్దది కావడంతో కుదించాం)

తాతగారూ,

మీరు పెట్టుకున్న సంతకంతోనే పిలుస్తున్నాను. మీ ప్రశ్నకు ముందు రెండు ముక్కల్లో జవాబు చెప్పేస్తాను. పదమూడేళ్ళ పిల్లాడు ఆదివారం పొద్దున ఎక్కడుండాలో వాళ్ళ అమ్మానాన్నా తేల్చుకోవాలి. మీ చర్చిలో సాయంత్రం ఆరాధన ఉంటే దానికి రమ్మని అడగండి, వస్తే వస్తాడు. పాస్టరు గారిని మాత్రం పంపకండి. ఇంటి తగువు సంఘం దాకా తీసుకెళ్ళినట్టవుతుంది, ఆ తర్వాత మీ అబ్బాయి చర్చి మెట్లెక్కడానికి కూడా వెనకాడతాడు. ఇక కోడలి మీద రాసిన అరపేజీ నేను చదవలేదనే అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం ఒకసారి, జెరాక్సులు రెండుసార్లు చదివాను. ‘మా కుటుంబం’ అన్న భాగం 1805లో లండన్ మిషన్ వాళ్ళు విశాఖలో దిగిన దగ్గర మొదలుపెట్టి మీ తాతగారి బాప్తిస్మం దాకా వచ్చింది. బాగుంది. ‘ప్రయాణాలు’ ఇంకా బాగుంది. కేకే లైను, అదే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం గురించి చదువుతుంటే ఇక్కడ ఫ్యాను కింద కూర్చున్న నాకు చలేసింది. యాభై ఎనిమిది టన్నెళ్ళు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్లో టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని నిలబడటం, తిరుగు దారిలో ఇనప ఖనిజం లోడుతో ఘాట్ దిగుతున్నంతసేపూ బ్రేకు మీద నుంచి ధ్యాస తియ్యలేకపోవడం, టన్నెల్లో ఎవరికీ వినపడదని గొంతెత్తి కీర్తనలు పాడుకోవడం. మీరు రాయగలరు, అందులో అనుమానం లేదు.

అదే పేజీలో, చలికోటు సంగతికీ అరకులో కొన్న సీతాఫలాలకీ మధ్య, ఇలా ఉంది: ‘93లో ఒకసారి మావాడి ఫుట్‌బాల్ బూట్లు కూడా నా లైన్ బాక్సులో కిరండూల్ దాకా వెళ్ళొచ్చాయి. ఆదివారం మ్యాచ్ అంటే మరేం చెయ్యను! వచ్చాక ఇచ్చాను, తొడుక్కోలేదు. ఇప్పటికీ అటక మీద ఆ పెట్టెలోనే ఉన్నాయి.’ పక్కన చిన్న నవ్వుబొమ్మ గీశారు.

రైల్వే ఇళ్ళు తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. లైన్ బాక్సంటే డ్రైవర్లు డ్యూటీకి వెంట పట్టుకెళ్ళే ఇనప పెట్టె. బట్టలు, టార్చి, జెండాలు, డ్యూటీ మధ్య డ్రైవర్లు దిగే రన్నింగ్ రూములో వండుకోవడానికి బియ్యం, పప్పు, అన్నీ అందులోనే. దానికి తాళం ఉంటుంది.

కొడుకు నోట బూట్ల మాట ఎందుకొచ్చిందని నన్నడుగుతున్నారు. జవాబు మీరే రాసి, జెరాక్స్ తీసి, స్టాంపు అంటించి పంపారు.

మీ పేజీల్లోంచే లెక్క కడితే అప్పుడు మీ అబ్బాయికి పదహారేళ్ళు. అది స్కూలు మ్యాచో, ఏదైనా సెలెక్షనో మీరు రాయలేదు. మీకు గుర్తుందా అసలు? పొద్దున్నే లేచి బూట్ల కోసం వెతికి ఉంటాడు. మంచం కింద, దొడ్లో, బట్టలు ఉతికే రాయి దగ్గర. వాళ్ళమ్మని అడిగి ఉంటాడు. ఆవిడకి తెలుసో తెలియదో, తెలిసినా చెప్పగలిగేదో లేదో. పక్క క్వార్టర్ కుర్రాడి దగ్గర ఒక సైజు చిన్నవి అడిగి, కాలు దూర్చి చూసి, తిరిగి ఇచ్చేసి ఉంటాడు. ఇదంతా నా ఊహే అనండి. కానీ మీరు ఈ ముప్పై ఏళ్ళలో ఈపాటి ఊహ కూడా చెయ్యలేదు.

ఇంకో మాట. బూట్లు లైన్ బాక్సులో ఉన్నాయంటే ఆ ఆదివారం మీరు బండి మీదున్నారు. చర్చిలో లేరు. ఎన్ని ఆదివారాలు డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టాడో, ఎన్నిసార్లు ఆరాధనకని వేసుకున్న తెల్ల చొక్కా విప్పి డ్యూటీ బట్టలు తొడుక్కున్నారో మీరే రాశారు. బైలదిల్లా గనుల నుంచి ఖనిజం రావాలి, పోర్టులో జపాన్ వెళ్ళే ఓడ నిండాలి. ఆదివారమని బండి ఆగదు. అందులో మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఆ జీతంతోనే ఇల్లు నడిచింది. కానీ మీ ఆదివారానికి డ్యూటీ అన్న వెసులుబాటు దొరికింది, పదహారేళ్ళ పిల్లాడి ఆదివారానికి దొరకలేదు.

ఫుట్‌బాల్ పేజీలు చదివాక నేను ఊరుకోలేక క్యాలెండర్ తీశాను. 86లో అర్జెంటీనా, పశ్చిమ జర్మనీ ఆడిన ప్రపంచకప్ ఫైనల్ గురించి రెండు పేజీలు రాశారు కదా. జర్మనీ రెండు గోల్స్ తిరిగి కొట్టి 2–2 చెయ్యడం, మారడోనా ముగ్గురి మధ్య నుంచి పాస్ వదలడం, బుర్రుచాగా ఒంటరిగా పరుగెత్తడం, మీరంతా పక్కవాళ్ళ టీవీ ముందు లేచి నిలబడటం. అది జూన్ 29, ఆదివారం. మన టైము రాత్రి పదకొండున్నరకి మొదలైంది కాబట్టి అరగంట పరిశుద్ధ దినంలోనూ మిగతాది సోమవారంలోనూ చూశారన్నమాట. 2022లో మెస్సీ కప్పు ఎత్తిన రాత్రి మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. డిసెంబరు 18. అదీ ఆదివారమే. ఆడటం వేరు, చూడటం వేరు అంటారేమో. అనండి, నవ్వుతాను.

అయినా నేను క్యాలెండర్ తీసింది మిమ్మల్ని పట్టుకోవడానికి కాదు. ఆ 86 పేజీలో ‘మావాడు నిద్రపోకుండా నా తొడ మీద చెయ్యేసుకుని చివరిదాకా కూర్చున్నాడు’ అని ఒక్క వాక్యం ఉంది. మీరు పంపినవి పంతొమ్మిది పేజీలు. వాటిలో మీ అబ్బాయి మూడు చోట్ల కనిపించాడు. పుట్టినప్పుడు, ఆ రాత్రి మీ తొడ దగ్గర, తర్వాత బూట్ల దగ్గర. అంతే. ఆ తర్వాత మనవడు పుట్టేదాకా అతను లేడు. తొమ్మిదేళ్ళప్పుడు అర్ధరాత్రి దాకా మీతో మేలుకున్న పిల్లాడు నలభై ఎనిమిదేళ్ళకి మీ ఇంట్లో కూర్చోమంటే కూర్చోడు. ఆదివారం గొడవ ఆరు నెలలది. ఇది ముప్పై ఏళ్ళ పైమాట.

లిడెల్ గురించి కూడా చెప్పాలి, మీరు ఆయన్ని సాక్షిగా పిలిచారు కాబట్టి. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి రౌండ్ హీట్స్ ఆదివారం పడ్డాయని తప్పుకున్నాడు, నాలుగు వందల మీటర్లు పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకున్నాడు. ఇక్కడిదాకా మీరు చెప్పారు. తర్వాత, మన ఊరికి మనుషుల్ని పంపిన ఆ లండన్ మిషన్ తరఫునే చైనా వెళ్ళాడు. యుద్ధంలో జపాన్ వాళ్ళ శిబిరంలో ఖైదయ్యాడు. అక్కడ పిల్లలు ఆదివారాలు హాకీ ఆడేవారు. మొదట ఈయన ఆ దరిదాపులకి రానన్నాడు. రిఫరీ లేక ఆట కొట్లాటలోకి దిగింది. తర్వాత ఆదివారం ఆయనే వెళ్ళి రిఫరీగా నిలబడ్డాడు. 1945లో ఆ శిబిరంలోనే పోయాడు. నేను మీ మతంలో పుట్టినదాన్ని కాదు, మిషన్ స్కూల్లో చదువుకున్నదాన్ని. నాకు ఆయన మీద గౌరవం ఉన్నది పతకం వల్ల కాదు, ఆ రెండో ఆదివారం వల్ల. మొదటి ఆదివారం కూడా ఆయన వదులుకున్నది తన పరుగు. ఇంకొకరి బూట్లు దాచలేదు.

ఉత్తరం చివర ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం మొదటి వచనం పెద్దక్షరాలతో రాశారు, పిల్లలు తల్లిదండ్రులకు విధేయులై ఉండాలని. అక్కణ్ణుంచి వేలు మూడు వచనాలు కిందికి దించండి. అక్కడున్నది తండ్రుల కోసం, పిల్లలకు కోపం రేపొద్దని.

మా నాన్నగారి సంగతి ఒకటి చెబుతాను. డిగ్రీలో నాకు ఎన్‌సీసీ క్యాంపుకి పేరొచ్చింది. ఆయన ఫారం మీద సంతకం పెట్టకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. గడువు దాటిపోయింది. ఎనభయ్యో ఏట ఒకరోజు కాఫీ తాగుతూ, ఎదురుగా ఎవరూ లేనట్టు, ‘నిన్ను ఆ క్యాంపుకి పంపాల్సిందమ్మా’ అన్నారు. ‘పోన్లెండి నాన్నగారూ’ అని లేచి వంటింట్లోకి పోయాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. పెద్దవాళ్ళు తగ్గితే లోకువైపోతారని మన ఇళ్ళల్లో ఒక భయం ఉంది. ఆ రోజు ఆయన నా కళ్ళకి లోకువ కాలేదు. మీరు అన్నం మానేసి నిలబెట్టుకుంటున్నారే, దాన్ని నేను పెద్దరికం అనను. అలక అంటాను. పైగా అన్నం పెట్టే మనిషికి ఆ బూట్లతో ఏ సంబంధమూ లేదు.

వెళ్ళండి. మీ అబ్బాయి ఒక్కడే ఉన్నప్పుడు చెప్పండి. ‘ఆ రోజు నీ బూట్లు తీసుకెళ్ళడం నా తప్పురా’ అంటే చాలు. దాని వెనకాల ‘నీ మంచికే’ అని తగిలించకండి. ‘దేవుడి కోసమే’ అని అసలే వద్దు, అతను ముప్పై ఏళ్ళుగా మోస్తున్నది సగం ఆ మాటనే. తర్వాత ఒకటి అడగండి: ఆ మ్యాచ్ ఏమిటి, నువ్వు ఏ పొజిషన్లో ఆడేవాడివి? లెఫ్ట్ అవుట్ ఆడిన మనిషి కొడుకు ఎక్కడ ఆడేవాడో పంతొమ్మిది పేజీల్లో లేదు తాతగారూ. నాకు తెలుసుకోవాలనుంది, మీకు ఉండదా?

అతను ‘ఇప్పుడెందుకవన్నీ’ అనొచ్చు. ఫోను చూసుకోవచ్చు. గట్టిగా ఒక మాట అనొచ్చు కూడా. అంటే పడండి. ఆ రోజే అంతా సర్దుకుపోవాలని చూడకండి. కోడలు ఏం వడ్డిస్తే అది తిని రండి. మనవడికి కొత్త బూట్లు కొనిపెట్టి లెక్క సరిపోయిందనుకునే ఆలోచన వస్తుంది, నాకు తెలుసు. కొనండి, తాతలు కొనిపెట్టాల్సిందే. కానీ మీరు బాకీ పడ్డది మనవడికి కాదు.

డిసెంబరులో మనవణ్ణి కిరండూల్ ప్యాసింజర్లో అరకు తీసుకెళ్ళి టన్నెళ్ళు లెక్కపెట్టించాలని రాశారు. ముగ్గురూ వెళ్ళండి. మీ అబ్బాయి రానంటే వచ్చే ఏడాది అడగండి. నోటుపుస్తకంలో ఆ నవ్వుబొమ్మ మాత్రం ఇవాళే కొట్టెయ్యండి. ఆ పుస్తకం మీ మనవడు చదువుతాడు, చదివి వాళ్ళ నాన్నని అడుగుతాడు.

అటక మీద బూట్లు ఇప్పుడే దించకండి, వెంట తీసుకెళ్ళకండి. ఏవీ అని మీ అబ్బాయే అడిగితే అతన్నే అటక ఎక్కనివ్వండి. మీ వయసులో నిచ్చెనలు వద్దు.

శనివారం సాయంత్రం వెళ్ళండి. ఆదివారం పొద్దున అయితే వాళ్ళు ఇంట్లో ఉండరు.