జేడ్ మొక్క మొదలు మెత్తబడింది, బతుకుతుందా?

ప్రశ్న: మా అత్తగారు ఇచ్చిన జేడ్ మొక్కను పింగాణీ కుండీలో నాటి బాల్కనీలో ఉంచాను. కార్తీక మాసపు వానల తర్వాత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. వాడిపోయిందనుకొని రోజూ నీళ్ళు పోశాను. ఇప్పుడు కాండం మొదలు కూడా మెత్తబడింది. కాపాడుకునే దారి చెప్పగలరు. – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ మొక్క నీళ్ళు చాలక వాడలేదు, ఎక్కువై వాడింది. కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేవు కాబట్టి, మట్టి తడిగా ఉన్నా ఆకులు వడలినట్లే కనిపిస్తాయి. అది చూసి మనం మరిన్ని నీళ్ళు పోస్తాము, మిగిలిన కాస్త వేరూ పోతుంది. నీరందని ఆకు ముడతలు పడి పలచబడుతుందే గాని, మీరు రాసినట్లు పసుపెక్కి రాలడం సాధారణంగా ఉండదు.

దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ మొక్క ఆకుల్లోనే నీటిని దాచుకుంటుంది. పగలు ఆకుల రంధ్రాలను మూసుకొని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది కనుక దాని నీటి ఖర్చు చాలా తక్కువ. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. ఆ రోజుల్లో కుండీలోని మట్టి త్వరగా ఆరదు. పైగా చాలా పింగాణీ కుండీలకు అడుగున రంధ్రమే ఉండదు. మీ కుండీని ఒకసారి తిరగేసి చూడండి.

ఈ రోజే మొక్కను పెకలించి మట్టి దులపండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును లాగితే పైతొక్క ఊడివచ్చి, లోపలి సన్నని నార మాత్రమే మిగులుతుంది, మురుగు వాసన వేస్తుంది. కాండమే మెత్తబడిందన్నారు కాబట్టి వేళ్ళను కత్తిరించి ఊరుకుంటే సరిపోదు. పదునైన కత్తిని స్పిరిటుతో తుడిచి, కాండాన్ని కింది నుంచి కొద్దికొద్దిగా కోస్తూ రండి. కోసిన ప్రతిసారీ కత్తిని మళ్ళీ తుడవాలి. కోసిన చోట గోధుమ రంగు మచ్చ ఒక్కటి కూడా లేకుండా లేతాకుపచ్చగా కనిపించేదాకా ఆపవద్దు. అత్తగారి మొక్క సగం పోతోందని మనసు చివుక్కుమంటుంది, నిజమే. కాని ఆ మచ్చ మిగిలితే మొత్తం పోతుంది.

మిగిలిన కొమ్మను నీడలో కాగితం మీద ఒక వారం ఆరనివ్వండి. కోత మీద గట్టి పొర కట్టాలి. ఎక్కువ మంది తొందరపడేది ఇక్కడే. వేరు లేని కొమ్మ ఎండిపోతుందన్న భయం అక్కరలేదు, ఆకుల్లోని నీరు దానికి చాలు. నేల మీద పడిన రణపాల ఆకు తనంతట తానే పిలకలు వేయడం మీరు చూసే ఉంటారు. జేడ్ కూడా ఆ కుటుంబానిదే. రాలిన ఆకుల్లో గట్టిగా ఉన్నవాటిని ఏరి పొడి ఇసుక మీద పరచండి, కొన్నైనా మొలకెత్తుతాయి.

నాటడానికి అడుగున రంధ్రమున్న చిన్న మట్టి కుండీ మేలు. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఆకు ఎరువు, రెండు పాళ్ళు గరుకు ఇసుక కలపండి. సన్న ఇసుక గట్టిపడిపోతుంది. ఇల్లు కట్టేచోట ఇసుక జల్లించాక జల్లెడలో మిగిలే గరుకే దీనికి తగినది. కొబ్బరి పొట్టు తేమను పట్టి ఉంచుతుంది కనుక వద్దు.

నాటాక మరో వారం నీళ్ళు పోయకండి. ఆ తర్వాత చీపురుపుల్లను అడుగుదాకా గుచ్చి తీసి, అది పొడిగా వచ్చినప్పుడే రంధ్రం నుంచి కారేదాకా పోయండి. ఉదయపు ఎండ తగలనివ్వండి, వాన పడితే లోపలికి జరపండి. కొన్ని వారాలకు కొమ్మను మెల్లగా కదిపితే ఊగకుండా నిలిచిందంటే వేరు పట్టినట్లే. అంతవరకు పైఎరువేదీ వేయవద్దు.