వేషం కుట్టవచ్చునా?

సందేహం: మా ఏడేళ్ళ అబ్బాయి పిల్లల నాటకంలో పాతకాలపు రాజుగా నటిస్తున్నాడు. కుట్టుపని కొత్తే అయినా వాడి దుస్తులు నేనే కుట్టాలని పూనుకొన్నాను. నాలాగే మొదటిసారి సూది పట్టేవారికి పనికివస్తుందని ఆ పద్ధతిని రాసిపెడుతున్నాను. అందులో ‘మా అబ్బాయికి చారిత్రాత్మక వేషం కుట్టించాను, వాడు అంగీ, పంచె, తలపాగా, ఉత్తరీయం వేసుకొన్నాడు’ అని రాస్తే, చదివిన పెద్దవారొకరు ఇందులో ఒక్క మాట కూడా సరిగా లేదన్నారు. తప్పులు ఏవి? ‘వేసుకొను’ అన్నిటికీ సరిపోదా? నేనే కుట్టాను కనుక ‘కుట్టిచ్చాను’ అనవచ్చా?

సమాధానం: ఒక్క మాట కూడా సరిగా లేదనడం అతిశయోక్తి. ‘ఉత్తరీయం వేసుకొన్నాడు’ అనడంలో ఏ దోషమూ లేదు. మిగిలినవాటిలో కొన్ని వ్యాకరణానికి, కొన్ని నుడికారానికి సంబంధించినవి.

‘చారిత్రాత్మక’ అన్నది పత్రికల్లో ఎంతగా వ్యాపించినా వ్యాకరణం ఒప్పే రూపం కాదు. సమాజం నుంచి సామాజికం, ఇతిహాసం నుంచి ఐతిహాసికం వచ్చినట్లే, నామవాచకం నుంచి కొత్త మాటను పుట్టించే తద్ధిత ప్రత్యయం (ఇక్కడ ‘ఇక’) చేరి మొదటి అచ్చుకు వృద్ధి వచ్చినప్పుడు, అంటే అకారం ఆకారంగా, ఇకారం ఐకారంగా మారినప్పుడు, ‘చారిత్రిక’ అవుతుంది. తెలుగులో అది ‘చారిత్రక’గా స్థిరపడింది. ‘ఆత్మక’ చేరినప్పుడు ఏర్పడేది సమాసం కనుక మొదటి అచ్చు మారడానికి కారణం లేదు. చరిత్ర, ఆత్మక కలిస్తే సవర్ణదీర్ఘంతో ‘చరిత్రాత్మక’ కావాలి. ఈ రెండు రూపాలనూ కలగలిపినందువల్ల పుట్టినదే ‘చారిత్రాత్మక’. అర్థంలోనూ తేడా ఉంది: చరిత్రలో నిలిచిపోయే తీర్పును చరిత్రాత్మకం అంటున్నాము, గడచిన కాలానికి సంబంధించినదాన్ని చారిత్రకం అంటున్నాము. మీకు కావలసింది రెండోదే.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. ‘చారిత్రక దుస్తులు’ అని రాస్తే, ఆ కాలంలో నిజంగా ధరించిన, ఇప్పుడు ప్రదర్శనశాలల్లో భద్రపరచిన దుస్తులనే అర్థం కూడా వస్తుంది. పట్టుదల గల పాఠకుడెవరైనా, కుట్టుమిషనుకు ఎలియాస్ హోవే పేటెంటు పొందినదే 1846లో కదా, మీ రాజుగారి అంగీ అంచున మిషను కుట్టు ఎలా వచ్చిందని అడగవచ్చు. ‘చారిత్రక వేషానికి దుస్తులు’ అంటే ఆ పేచీ ఉండదు, ఎందుకంటే అప్పుడు విశేషణం వేషానికి చెందుతుంది గాని గుడ్డకు చెందదు.

వేషాన్ని కుట్టలేము. వేషం వేస్తాము, కడతాము. వేషమంటే దుస్తులు, నగలు, కిరీటం, ముఖాన రంగు, చేతిలోని కత్తి అన్నీ కలిసిన మొత్తం. నాట్యశాస్త్ర పరిభాషలో ఆహార్యం అనేది దీనినే. అందులో సూదీదారానికి లొంగేవి దుస్తులు మాత్రమే. కాబట్టి ‘వేషానికి దుస్తులు కుట్టాను’ అనడం సరైన వాక్యం.

ఇక ‘వేసుకొను’. మీ ప్రశ్నలో అసలు సంగతి ఇదే. ఒంటిమీదికి వచ్చే ప్రతి గుడ్డకూ తెలుగులో దాని క్రియ దానికి ఉంది, ఆ క్రియ గుడ్డ ఒంటిమీదికి ఎలా చేరుతుందో చెబుతుంది. శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన చాటుపద్యం మొదటి పాదం ‘కుల్లాయుంచితిఁ గోక సుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్’ అని నడుస్తుంది. కుల్లాయి అంటే టోపీ, కూర్పాసం అంటే చేతులున్న పై అంగీ. మూడు వస్తువులకు కవి మూడు క్రియలు వాడాడు: టోపీని తలమీద ఉంచాడు, కోకను చుట్టాడు, అంగీని తొడిగాడు. పరాయి వేషం వేసుకోవలసి వచ్చిన చికాకు ఆ క్రియల వరుసలోనే వినబడుతుంది. మూడింటికీ ‘ధరించితిని’ అని ఉంటే అర్థం చెడకపోయినా పద్యం చచ్చేది.

‘తొడుగు’ అన్నది నామవాచకంగా కూడా ఉంది: దిండు తొడుగు, చేతి తొడుగు. లోపల ఖాళీ ఉండి, అందులోకి ఇంకొకటి దూరేది ఏదైనా తొడుగే. అందుకే అంగీని, లాగును, ఉంగరాన్ని తొడుగుతాము. కట్టడానికి అలాంటి ఖాళీ అక్కరలేదు, పొడవైన గుడ్డ ఉంటే చాలు. చీర, పంచె, నడికట్టు ఈ జాతివి. ఒకప్పుడు దుస్తులంటే ముఖ్యంగా కట్టేవేననడానికి ‘కట్టుబట్టలు’, ‘కట్టూబొట్టూ’ అనే మాటలే సాక్ష్యం. ‘తొడుగుబట్టలు’ అని ఎవరూ అనలేదు. తలపాగాను చుడతాము, కిరీటాన్ని పెడతాము, శాలువను కప్పుతాము. వీటికి ‘కొను’ చేరిస్తే ఆ పని ఎవరికి వారు చేసుకొన్నారని అర్థం: ‘వాడికి అంగీ తొడిగాను’ అంటే మీరు తొడిగారు, ‘వాడు అంగీ తొడుక్కొన్నాడు’ అంటే మీ సాయం లేకుండానే తొడుక్కొన్నాడు.

‘వేసుకొను’ వీటన్నిటికంటె వదులైన మాట. అంగీకి, ఓణీకి, కండువాకి, ఉత్తరీయానికి, చెప్పులకు, మెడలో దండకు కూడా చెల్లుతుంది. ‘పంచె వేసుకొన్నాడు’ అనేవారు ఈ మధ్య కనిపిస్తున్నారు, దానిని నేను అపశబ్దమని కొట్టివేయను గాని, కట్టేదానికి కట్టే క్రియ ఉండగా అది దేనికని మాత్రం అంటాను. ‘తలపాగా వేసుకొన్నాడు’ అన్నది నా చెవికి ఇంకా ఎబ్బెట్టుగానే ఉంది.

ఈ క్రియాభేదం మీ కుట్టుపనికీ పనికివస్తుంది. కొత్తగా కుట్టేవారు గుడ్డ కత్తిరించే ముందు, ఇది తొడిగేదా, కట్టేదా, చుట్టేదా అని తేల్చుకొంటే సగం పొరపాట్లు తగ్గుతాయి. తొడిగేదైతే శరీరం అందులోకి దూరే దారి చూడాలి. ఏడేళ్ళ పిల్లవాడి తల చుట్టుకొలత సుమారు 52 సెంటీమీటర్లు ఉంటుంది. మెడ చుట్టుకొలత అందులో సగానికి కాస్త అటూ ఇటూ. మెడ కొలతతోనే మెడ కత్తిరిస్తే అంగీలో తల పట్టదు, కనుక ముందువైపు ఒక చీలిక వదిలి గుండీ పెట్టాలి. ఛాతీ కొలతకు పది పదిహేను సెంటీమీటర్ల వదులు కలపాలి. పాతకాలపు అంగీలు వదులుగా ఉండడమే సహజం కాబట్టి కొత్తవారి కత్తెరకు ఇది అనుకూలమైన విషయం. నూలుగుడ్డ అయితే ముందే తడిపి ఆరబెట్టి, కత్తిరించిన ముక్కలను మొదట కచ్చాకుట్టుతో, అంటే తరువాత విప్పేయగల వదులు కుట్టుతో కలిపి, పిల్లవాడికి ఒకసారి తొడిగి చూసిన తరువాతే అసలు కుట్టు వేయాలి.

పంచె కట్టేది కనుక దానికి కత్తెరతో పని లేదు. కాని వేదికమీద కత్తి తిప్పుతూ గెంతే పిల్లవాడి నడుమున కట్టిన పంచె నిలవదు. అందుకని కుచ్చిళ్ళు ముందే పోసి, వాటిని నడుము పట్టీకి కుట్టి, పట్టీలో ఎలాస్టిక్ దూరుస్తారు. తలపాగాను కూడా ఇలాగే ఒక టోపీమీద చుట్టి, మడతలు కదలకుండా లోపలివైపు అక్కడక్కడ కుట్లు వేస్తారు. అప్పుడు విచిత్రంగా క్రియలే మారిపోతాయి: కట్టవలసిన పంచె తొడుక్కొనేది అవుతుంది, చుట్టవలసిన తలపాగా పెట్టుకొనేది అవుతుంది. మీ పాఠంలో ఏది రాయాలి? కుట్టే పద్ధతి చెప్పేచోట వస్తువు ఉన్న తీరునుబట్టి ‘పంచెను లాగులాగ తొడగాలి, తలపాగాను టోపీలాగ పెట్టాలి’ అని రాయండి; చదివేవారికి ఆ ఒక్క క్రియతోనే పని స్పష్టమవుతుంది. నాటకంలోని రాజును వర్ణించేచోట మాత్రం ‘పంచె కట్టి, తలపాగా చుట్టి’ అనే ఉండాలి, ఎందుకంటే ఎలాస్టిక్ పిల్లవాడి నడుమున ఉంది గాని ఆ రాజు నడుమున లేదు. ఉత్తరీయానికి అంచులు మడిచి కుడితే సరిపోతుంది. జారకుండా భుజంమీద అంగీకి కలిపి రెండు కుట్లు వేయండి గాని, మెడ చుట్టూ ముడి మాత్రం వేయకండి, పిల్లలకు అది ప్రమాదం.

చివరగా ‘కుట్టించాను’. ‘ఇంచు’ చేరితే ప్రేరణార్థకం: కుట్టినవారు దర్జీ, మీరు కుట్టించినవారు. పడ్డ శ్రమంతా మీదే అయినా ఈ మాటతో దాన్ని దర్జీకి ధారపోస్తున్నారు. ‘కుట్టిచ్చాను’ అన్నది ‘కుట్టి’, ‘ఇచ్చాను’ కలిసిన మాట. మాటల్లో అందరూ అలా కలిపే పలుకుతారు గాని, ‘క్త్వార్థంబైన యిత్తునకు సంధి లేదు’ అన్న చిన్నయసూరి బాలవ్యాకరణ సూత్రం ప్రకారం (‘కుట్టి’, ‘చేసి’ వంటి అసమాపక క్రియల చివరి ఇకారమే ఆ ‘యిత్తు’) గ్రంథభాషలో అక్కడ సంధి జరగదు, ‘కుట్టి యిచ్చెను’ అనే ఉండాలి. నేటి వ్యావహారికంలో ఆ సూత్రానికి అంతగా కట్టుబడనక్కరలేదు. అయినా కలిపి రాస్తే అది ‘కుట్టించాను’కు మరీ దగ్గరగా కనబడుతుంది కాబట్టి ‘కుట్టి ఇచ్చాను’ అని విడదీయడమే మేలు. పైగా ‘ఇచ్చు’ అనడంలో వస్తువు చేతులు మారిన భావం ఉంది, అది పొరుగువారి పిల్లలకు కుట్టినప్పుడు బాగుంటుంది. సొంత కొడుక్కు ‘కుట్టాను’ అన్నా, ‘కుట్టిపెట్టాను’ అన్నా చాలు. ‘వాడి దుస్తులు నేనే కుట్టుకొన్నాను’ అన్నా తప్పు కాదు. దుస్తులు తొడుక్కొనేది పిల్లవాడే అయినా, దర్జీ దగ్గరికి వెళ్ళకుండా మన అవసరం మనమే తీర్చుకొన్నామనే భావం అక్కడి ‘కొను’లో ఉంది.